అన్నదమ్ములు, అబద్ధాలు, మంత్రాలు: మూడు సిరీస్‌లలో ఏది ముందు చదవాలి?

అన్నదమ్ములు, మామూలు ఊరు, ఎవరికీ చెప్పుకోలేని శక్తి. ఈ మూడూ కలిసిన టీనేజ్ నవలలు ఇంగ్లీషులో కుప్పలు తెప్పలుగా ఉన్నాయి. వెనక అట్ట మీద రాసింది చదివితే అన్నీ ఒకేలా కనిపిస్తాయి: ఇంట్లో ఒక రహస్యం, వీధిలో ఒక ప్రమాదం, తమ్ముడి కోసం దేనికైనా తెగించే అన్న. దాంతో చాలామంది బొమ్మ బాగుందని ఏదో ఒకటి కొనేసి, యాభై పేజీల దగ్గర మూసి పెట్టేస్తారు. పుస్తకం బాగాలేక కాదు, తమకు నచ్చే రకం కాకపోవడం వల్ల.

వీటిలో నేను చెప్పేవి మూడు. శారా రీస్ బ్రెనన్ రాసిన ‘ది డీమన్స్ లెక్సికన్’ (2009), హోలీ బ్లాక్ ‘వైట్ క్యాట్’ (2010), మ్యాగీ స్టీఫ్‌వాటర్ ‘ది రేవెన్ బాయ్స్’ (2012). మూడూ సిరీస్‌లకు మొదటి పుస్తకాలే. మొదటి రెండు సిరీస్‌లూ మూడేసి పుస్తకాల్లో అయిపోతాయి. మూడోది నాలుగు పుస్తకాలు, అది చాలదన్నట్టు అందులోని అన్నదమ్ముల మీదే మరో మూడు.

ఎంచుకునేటప్పుడు ఎవరికి ఏ శక్తి ఉందని చూడకండి. ఎంత వింత మంత్రమైనా రెండు అధ్యాయాలకు అలవాటైపోతుంది. చూడాల్సింది ఆ ఇంట్లో ఎవరు ఎవరికి అబద్ధం చెబుతున్నారు, ఎందుకు చెబుతున్నారు అన్నది. మూడు కథల్లోనూ అన్నల దగ్గర ఒక గుట్టు ఉంటుంది, తమ్ముడికి అది తెలియదు. ఒక ఇంట్లో తమ్ముణ్ణి వాడుకోవడానికి దాస్తారు. ఇంకో ఇంట్లో ప్రేమ కొద్దీ దాస్తారు. మూడో ఇంట్లో దాచడమే తండ్రి ఇచ్చిపోయిన ఆస్తి. ఇంటిగుట్టు లంకకు చేటని మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు కానీ, ఆ గుట్టు ఎవరి నోట, ఏ పేజీలో, ఎంత ఆలస్యంగా బయటపడుతుందన్న దాన్ని బట్టే ఈ మూడు పుస్తకాల రుచీ మారిపోతుంది.

మలుపులేవీ ఇక్కడ చెప్పను. వెనక అట్ట మీద ఉన్నంత, మొదటి కొన్ని అధ్యాయాల్లో తెలిసేంత మాత్రమే.

వైట్ క్యాట్: సొంత అన్నలే మోసం చేస్తుంటే

ముందు దీని గురించే ఎక్కువ చెబుతాను, ఎందుకంటే ఎక్కువమందికి నేను మొదట ఇచ్చేది ఇదే.

కథ మన కాలపు న్యూజెర్సీలో జరుగుతుంది. అక్కడి ఎడిసన్ ఊరి చుట్టుపక్కల ఉండే మనవాళ్ల పిల్లలకు ఆ రాష్ట్రం బాగా తెలిసిందే, కానీ ఇందులో ఒక్క తేడా ఉంది: బయట అందరూ చేతులకు గ్లౌజులు వేసుకుని తిరుగుతారు. ఎందుకంటే కొద్దిమందికి ఉత్త చేత్తో ముట్టుకుంటే చాలు, ఎదుటివాడి అదృష్టం, కల, శరీరం, భావం, జ్ఞాపకం, ప్రాణం ఏదో ఒకటి మార్చేసే శక్తి పుట్టుకతో ఉంటుంది. అన్నిటికంటే అరుదైనది రూపమే మార్చేయడం. వీళ్లను వర్కర్లు అంటారు. 1929లో అమెరికా ఈ పనిని నిషేధించింది. నిషేధం రాగానే ఏమవుతుందో మనకు తెలిసిందే: పని ఆగలేదు, మాఫియా కుటుంబాల చేతుల్లోకి వెళ్లింది. అసలు చరిత్రలో సారా నిషేధం అమెరికాలో ఏం చేసిందో, ఆ బొమ్మను మంత్రం మీదికి తిప్పి గీసింది రచయిత్రి. ఈ తరహా నవలల్లో లోకం కట్టడం అంటే నాకు ఇదీ నచ్చే పద్ధతి. కొత్త దేశం, కొత్త భాష, అనుబంధంలో మ్యాప్ ఏమీ అక్కర్లేదు. గ్లౌజు ఒక్కటి చాలు. గ్లౌజు తీయడం ఒక బెదిరింపు అవుతుంది, ఒక చనువు కూడా అవుతుంది. పుస్తకం సగానికి వచ్చేసరికి ఎవరైనా చేతికి తొడుగు లేకుండా కనిపిస్తే చదివేవాళ్లకే టెన్షన్ పుడుతుంది.

శక్తికి ఖర్చు కూడా ఉంది. ఎవరి మీద ఏం చేస్తే ఆ దెబ్బ కొంత తిరిగి చేసినవాడికే తగులుతుంది. ఇతరుల జ్ఞాపకాలు చెరిపేవాడు తన జ్ఞాపకాలు పోగొట్టుకుంటాడు. ఇతరుల మనసు మార్చేవాళ్ల మనసు నిలకడ తప్పుతుంది. కథ చెప్పే కుర్రాడు కాసెల్. అతని తాతగారు చావు తెచ్చే వర్కర్, ఆయన వేళ్లు కొన్ని నల్లబడి ఊడిపోయాయి. ఆ మొండి వేళ్లతోనే మనవడితో కలిసి చెత్తతో నిండిన పాత ఇల్లు శుభ్రం చేస్తూ ఉంటాడు. పాత పేపర్లు, విరిగిన సామాను, ఎవరెవరి దగ్గరో కొట్టేసిన వస్తువులు. ఆ ఇల్లు సర్దే సన్నివేశాలు మొత్తం నవలలో నాకు బాగా ఇష్టమైనవి. పైకి ఇల్లు సర్దడమే, లోపల మాత్రం కుటుంబ చరిత్ర మొత్తం ఒక్కో పొరే బయటికి వస్తుంది.

కాసెల్ షార్ప్‌కు పదిహేడేళ్లు. ఇంట్లో అందరికీ శక్తి ఉంది, తనకు లేదు. అమ్మ ఒక డబ్బున్న ఆసామిని శక్తితో లొంగదీసుకున్నందుకు జైల్లో ఉంది. పెద్దన్న ఫిలిప్ మాఫియా కుటుంబంలో చేరాడు. రెండో అన్న బారన్ నోరు తెరిస్తే నమ్మకుండా ఉండలేం, నమ్మితే మునిగిపోతాం. కాసెల్ హాస్టల్ స్కూల్లో మామూలు కుర్రాడిలా నటిస్తూ, పక్కన తోటి పిల్లలకు పందేలు నడుపుతూ ఉంటాడు. మొదటి పేజీలోనే నిద్రలో నడుచుకుంటూ వెళ్లి, హాస్టల్ పైకప్పు మీద చెప్పులు కూడా లేకుండా మెలకువ వస్తుంది. కింద చూస్తే లోతు, కాళ్ల కింద జారే రాతి పలకలు. కలలో ఒక తెల్ల పిల్లి. అక్కడి నుంచి కథ పరిగెడుతుంది. అన్నలు తన ముందు ఒకటి, తన వెనక ఒకటి మాట్లాడుకుంటున్నారని అతనికి అనుమానం మొదలవుతుంది.

ఇక్కడ అబద్ధం వ్యాపారం. ఈ ఇంట్లో ప్రేమ లేదని కాదు, ఉంది, కానీ ఆ ప్రేమను కూడా పెట్టుబడి పెట్టేస్తారు. తాడిని తన్నేవాడు ఒకడుంటే వాడి తలదన్నేవాడు ఇంకొకడు అన్న పద్ధతిలో, మోసగాళ్ల ఇంట్లో పెరిగిన చిన్నోడు మోసగాళ్లనే ఎలా మోసం చేస్తాడన్నదే అసలు ఆట. మెదడుకు పని చెప్పే కథలు, దొంగతనం ప్లాన్ చేసే సినిమాలు ఇష్టమైనవాళ్లకు ఇది వదలకుండా చదివిస్తుంది. పేరు, పిల్లి రెండూ పదిహేడో శతాబ్దపు ఫ్రెంచి జానపద కథలోంచి వచ్చాయి. అందులో రాజుగారు తన ముగ్గురు కొడుకులకు పోటీ పెడతాడు, చిన్నవాడికి దారిలో తెల్ల పిల్లి సాయం చేస్తుంది. చందమామ చదివి పెరిగినవాళ్లకు ఆ లెక్క వెంటనే పట్టుబడుతుంది.

లోపం చెప్పాలంటే, అన్నలిద్దరి లోపలికి మనం పెద్దగా వెళ్లం. కథ మొత్తం కాసెల్ ‘నేను’ అంటూ చెప్పేదే కాబట్టి వాళ్లు మనకు అతను చూసినంతే కనిపిస్తారు. ‘రెడ్ గ్లవ్’ (2011), ‘బ్లాక్ హార్ట్’ (2012) వచ్చేసరికి ప్రభుత్వ ఏజెంట్లు ఒకవైపు, మాఫియా ఒకవైపు లాగుతుంటారు. ఇంటి కథ కొంత పలచబడుతుంది. మొదటి పుస్తకం చదివి ఆపేసినా పెద్ద నష్టం లేదు, ముగింపులో ఒక్క ముల్లు గుచ్చి వదులుతుంది, అంతే.

ది డీమన్స్ లెక్సికన్: అన్న చెప్పని ఒక్క విషయం

సింకు కింద పైపు కారుతోంది. తమ్ముడికి చిరాకు. పైపు కారుతున్నందుకు కాదు, తనకు బాగా ఇష్టమైన కత్తి ఆ సింకు కిందే దాచుకున్నందుకు. నవల ఇలా మొదలవుతుంది. ఈ పుస్తకం తీరు మొత్తం అందులోనే తెలిసిపోతుంది: వంటగది, అద్దె ఇల్లు, రాత్రి భోజనం, మధ్యలో కత్తులు.

తమ్ముడు నిక్, అన్న ఆలన్ ఇద్దరే ఇంటిని నడుపుకుంటారు. నాన్నను మాంత్రికులు చంపేశారు. అమ్మ ఒక మాంత్రికుడి దగ్గర నుంచి ఒక తాయెత్తు ఎత్తుకొచ్చింది, దాని కోసం మాంత్రికులు వీళ్లను ఇంగ్లండ్ అంతా వెంటాడుతున్నారు. అమ్మకు మతి స్థిమితం లేదు, నిక్ దగ్గరికొస్తే చాలు కేకలు పెడుతుంది. మాంత్రికులకు శక్తి భూతాల నుంచి వస్తుంది. బదులుగా భూతాలకు మనుషుల శరీరాలు అప్పగిస్తారు. ఒంటి మీద ముద్ర పడితే మనిషి పని అయిపోయినట్టే. ఒకరోజు మే, జేమీ అనే అక్కాతమ్ముళ్లు సాయం కోసం ఈ ఇంటికి వస్తారు, జేమీ ఒంటి మీద ముద్ర ఉంది. ఆలన్ కాదనలేడు. నిక్‌కు వాళ్లంటే లెక్కే లేదు.

ఆలన్ మంచివాడు. పుస్తకాల షాపులో పనిచేస్తాడు, కాలు కుంటుతుంది, కళ్లజోడు, ఎవరితోనైనా నవ్వుతూ మాట్లాడతాడు, గురి తప్పకుండా తుపాకీ కాలుస్తాడు. నిక్ అందగాడు, మాటకారి కాదు, భయం అంటే ఏమిటో తెలియదు, ఇతరులు ఎందుకు ఏడుస్తారో అర్థం కాదు. అన్న ఒక్కడే అతనికి లోకం. ఆ అన్న తనతో అబద్ధం చెబుతున్నాడని తెలిసినప్పుడు నిక్‌కు కలిగేది కోపమా, బాధా అన్నది కూడా అతనికి తేల్చుకోవడం రాదు. చదివేవాళ్లకు మాత్రం తెలుస్తుంది. ఆ ఎడం మీదే నవల నిలబడింది.

అన్న ఆ విషయం ఎందుకు దాచాడో చివర్లో తెలిశాక, మళ్లీ మొదటికి వెళ్లి చదివితే ప్రతి సన్నివేశం వేరే అర్థంతో కనిపిస్తుంది. రెండోసారి చదవడానికి పనికొచ్చే మలుపు రాయడం తేలిక కాదు. మూడింటిలోకీ అన్నదమ్ముల బంధం అంటే ఇదే అని నేను అనేది దీన్నే. ‘నా తమ్ముడు’ అన్న మాటకు ఎంతవరకు విలువ కట్టొచ్చు అన్న ప్రశ్నను ఆఖరి పేజీ దాకా వదలదు.

చిక్కు మాత్రం ఒకటుంది. మధ్య భాగం ప్రయాణాలతో కాస్త సాగుతుంది. మే మీద అన్నదమ్ములిద్దరి చూపూ పడే వ్యవహారం 2009 నాటి టీనేజ్ నవలల ఫ్యాషన్, ఇప్పుడు చదివితే పాతబడినట్టుంటుంది. ఇంకో సంగతి, రెండో పుస్తకం ‘ది డీమన్స్ కోవెనెంట్’ (2010) మే వైపు నుంచి, మూడోది ‘ది డీమన్స్ సరెండర్’ (2011) సిన్ అనే ఇంకో అమ్మాయి వైపు నుంచి నడుస్తాయి. నిక్ గొంతుకు అలవాటుపడ్డవాళ్లకు ఇది నిరుత్సాహంగా ఉండొచ్చు. నాకైతే సిన్ వైపు కథే ఎక్కువ నచ్చింది. చోటు మారుస్తూ రాత్రిపూట జరిగే గాబ్లిన్ మార్కెట్ అనే మంత్రాల సంతలో భూతాల్ని పిలవడానికి నాట్యం చేసే అమ్మాయి ఆమె. ఆ సంత వర్ణన కోసమైనా చదవొచ్చు.

ది రేవెన్ బాయ్స్: ఓపిక ఉంటేనే

దీన్ని అన్నదమ్ముల కథగా కొంటే మొదటి పుస్తకంలో మీకు కోపం వస్తుంది. వర్జీనియాలో హెన్రియెటా అనే కల్పిత ఊరు, డబ్బున్న పిల్లల అగ్లియన్‌బై స్కూలు, నిద్రపోతున్న పాతకాలపు వేల్స్ రాజును వెతికే గాన్సీ, జాతకాలు చెప్పే ఆడవాళ్ల ఇంట్లో పెరిగిన బ్లూ. లించ్ అన్నదమ్ములు అందులో ఒక పక్కగా ఉంటారు. పెద్దవాడు డెక్లన్, నడిమివాడు రోనన్, చిన్నవాడు మాథ్యూ. తండ్రి నయల్‌ను ఎవరో కొట్టి చంపారు, శవాన్ని చూసింది రోనన్. వీలునామా ప్రకారం కొడుకులు పుట్టిపెరిగిన పొలంలో అడుగు పెట్టకూడదు. డెక్లన్, రోనన్ ఒకరి మొహం ఒకరు చూసుకోలేరు, పార్కింగ్‌లో నలుగురి ముందూ కొట్టుకుంటారు. ఆదివారం మాత్రం ముగ్గురూ ఒకే వరసలో కూర్చుని చర్చిలో ప్రార్థన చేస్తారు, మాథ్యూ కోసం. తిట్టుకునే అన్నదమ్ములు తద్దినానికి మాత్రం పక్కపక్కన కూర్చోవడం మన ఇళ్లల్లో చూడనిదేం కాదు.

అసలు సరుకు రెండో పుస్తకం ‘ది డ్రీమ్ థీవ్స్’లో (2013) ఉంది. రోనన్ కలలో చూసిన వస్తువును మెలకువలోకి తెచ్చుకోగలడు. తండ్రికీ అదే శక్తి. ఈ సంగతి ఇంట్లో ఎవరికి ఎంత తెలుసు, ఎవరు ఎవరి నుంచి దాచారు అన్నది తెలుస్తున్న కొద్దీ డెక్లన్ మీద మన అభిప్రాయం మారుతూ పోతుంది. రోనన్ అబద్ధం ఆడనని ఒట్టు పెట్టుకున్నవాడు, డెక్లన్ నిజం చెప్పడమే మర్చిపోయినవాడు. ఇద్దరూ ఒకే తండ్రి దగ్గర నేర్చుకున్నారు, నేర్చుకున్న పాఠాలు మాత్రం ఎదురెదురు.

ఆ తర్వాత వచ్చిన ‘కాల్ డౌన్ ది హాక్’ (2019), ‘మిస్టర్ ఇంపాజిబుల్’ (2021), ‘గ్రేవారెన్’ (2022) పూర్తిగా ఈ ముగ్గురి కథ. అక్కడ వాషింగ్టన్ నగరంలో, ఎవరి కంటా పడకుండా ఉండటానికి కావాలనే చప్పగా బతికే డెక్లన్‌ను చూడాలి. ఏడు పుస్తకాల్లోకీ అతనే నాకు నచ్చిన మనిషి. నేరుగా ఇక్కడి నుంచి మొదలుపెట్టొచ్చా అని అడుగుతుంటారు. మొదలుపెట్టొచ్చు, కథ అర్థమవుతుంది. కానీ డెక్లన్‌ను మొదట అసహ్యించుకోవాలి, ఆ తర్వాతే అతని మీద జాలి పనిచేస్తుంది. కనీసం మొదటి రెండూ చదివి రండి.

వాక్యాలు అందంగా ఉంటాయి, అందుకే నెమ్మదిగా ఉంటాయి. పరీక్షల మధ్యలో చదివే పుస్తకం కాదు ఇది.

మరి ఎవరికి ఏది?

తెలుగు మీడియంలో చదివి ఇప్పుడిప్పుడే ఇంగ్లీషు నవలలు మొదలుపెట్టేవాళ్లయితే ‘వైట్ క్యాట్’. చిన్న వాక్యాలు, సంభాషణ ఎక్కువ, డిక్షనరీతో పెద్దగా పని పడదు. ‘డీమన్స్ లెక్సికన్’లో బ్రిటిష్ తరహా వెటకారం ఉంటుంది, ఆ జోకులు అందడానికి కొంచెం అలవాటు కావాలి. ‘రేవెన్ బాయ్స్’ మూడింటిలోకీ కష్టం.

సొంత అన్నతోనో తమ్ముడితోనో మాటల్లేని రోజుల్లో ఉన్నవాళ్లకు ‘డీమన్స్ లెక్సికన్’ ఇవ్వను, అది మరీ గట్టిగా తగులుతుంది. అలాంటప్పుడు ‘వైట్ క్యాట్’ మేలు, అందులో పగ తీర్చుకునే తృప్తి కూడా కొంత ఉంది. ఇంటికి పెద్ద కొడుకై, అందరి బాధ్యతా మోస్తూ ఎవరి మెప్పూ దక్కనివాళ్లకు మాత్రం డెక్లన్ కోసం లించ్ కుటుంబమే.

పిల్లలకు కొనిచ్చే అమ్మానాన్నలకు ఒక మాట. మూడింటిలోనూ హత్యలున్నాయి, బూతులున్నాయి. ‘డ్రీమ్ థీవ్స్’లో మత్తుమందులు, తాగి కార్ల పందేలు ఉన్నాయి. రోనన్‌కు మగపిల్లల మీదే ఇష్టం, నాలుగో పుస్తకానికి అది ప్రేమకథ అవుతుంది, చాలా నెమ్మదిగా, చాలా బాగా రాశారు. పద్నాలుగు, పదిహేనేళ్లు దాటినవాళ్లకు ఇస్తే సరిపోతుంది. అంతకంటే చిన్నవాళ్లకు పెర్సీ జాక్సన్ సిరీస్ రెండో పుస్తకం ‘ది సీ ఆఫ్ మాన్‌స్టర్స్’ (2006) చూడండి. ఒంటికన్ను టైసన్ తనకు తమ్ముడవుతాడని అందరి ముందూ తెలిసినప్పుడు పెర్సీ సిగ్గుతో చచ్చిపోతాడు. పదకొండేళ్ల పిల్లలకు ఆ సిగ్గు బాగా తెలుసు.

పుస్తకమే వద్దు అనేవాళ్లుంటే పిక్సార్ ‘ఆన్‌వర్డ్’ (2020) ఒక్క సాయంత్రంలో అయిపోతుంది: చనిపోయిన నాన్నను మంత్రంతో ఒక్కరోజుకు రప్పించబోతే నడుము కింది భాగమే వస్తుంది, మిగతా సగం కోసం అన్నదమ్ములిద్దరూ వ్యానేసుకుని బయల్దేరతారు. ‘సూపర్‌నాచురల్’ టీవీ సీరియల్‌ది కూడా ఇదే కోవ, కానీ 2005 నుంచి 2020 దాకా పదిహేను సీజన్లు నడిచింది. డిగ్రీ పూర్తయ్యాక చూడండి.

కొనేటప్పుడు సెట్ మొత్తం ఒకేసారి కొనకండి, డిస్కౌంట్ ఎంత ఊరించినా సరే. మొదటి అధ్యాయం శాంపిల్ చదివి తేల్చుకోవచ్చు. పైకప్పు మీద కాసెల్ పరిస్థితికి మీ అరికాళ్లు జివ్వుమనకపోయినా, సింకు కింద కత్తికి నవ్వు రాకపోయినా ఆ పుస్తకం పక్కన పెట్టేయండి. ‘రేవెన్ బాయ్స్’కు మాత్రం ఈ లెక్క వర్తించదు, దానికి వంద పేజీలైనా గడువివ్వాలి.

చదవడానికి బద్ధకం అయితే ఆడియో ఉంది. ‘వైట్ క్యాట్’ చదివింది ఫేస్‌బుక్ పుట్టుక మీద వచ్చిన సినిమాలో హీరోగా వేసిన జెస్సీ ఐసెన్‌బర్గ్. ఆ తడబడే వేగం, లోపల లెక్కలేసుకుంటూ మాట్లాడే గొంతు కాసెల్‌కు అతికినట్టు సరిపోయాయి, బస్సులో వెళ్తూ వినేయొచ్చు. ‘రేవెన్ బాయ్స్’ విల్ పాటన్ చదివాడు, అమెరికా దక్షిణాది యాసలో, తాపీగా. ఆయన నెమ్మదికి విసుగొచ్చి వేగం పెంచి వినేవాళ్లున్నారు. అలా వినాలనిపిస్తే ఆ పుస్తకం వదిలేసి కాసెల్ దగ్గరికే వెళ్లండి.